పదిహేను గజాలు

రొయ్యల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి
తమ్ముడు చర్చి వెనక, ఆల్చిప్పలు పరిచిన ఖాళీ జాగాలో
బకెట్టు నీళ్ళలో బంతి నానేసి కూర్చుని ఉంటాడు.
వానలో ఆట పడితే చేతికి అలవాటుండాలట.
లూసియానాలో వానకి కొదవా,
బకెట్టెందుకు రా అంటే వినడు.

గుండ్రటి బంతి కాదు ఇది.
రెండు కొసలా చెక్కిన కోలబంతి,
నేల తగిలితే ఎటు దూకుతుందో దానికే తెలీదు.

ఆన్సెల్ వెర్డిన్. ఇరవై రెండేళ్ళు.
కాలేజీ జట్టులో వాడి పని ఒక్కటే:
నడుం వంచి, రెండు కాళ్ళ సందులోంచి
వెనక నిలబడ్డవాడికి బంతి విసరడం.
పదిహేను గజాలు, ముప్పావు సెకను.
కుడి తుంటి దగ్గరికి చేరాలి,
పెరట్లో పిల్లి గోడ దూకినంత మెత్తగా.
ఆ తర్వాత తన్నేది వేరేవాడు,
చప్పట్లూ వాడివే.

ఇలాంటివాడు జట్టుకి ఒక్కడు చాలు.
దేశం మొత్తానికి డబ్బులిచ్చే జట్లు ముప్పై రెండు.
ముప్పై రెండు కుర్చీల్లోనూ ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు,
మోకాళ్ళు అరిగేదాకా లేవరు.
స్కూలు బస్సు కడుగుతూ అమ్మ అంది:
"నోట్లో పళ్ళూ అన్నే.
ఒకటి ఊడాలి మరి."

నాలుగేళ్ళలో వాడి పేరు మైకులో ఒక్కసారే వినబడింది.
ఆ రోజు బంతి పంటర్ నెత్తిమీదుగా పోయింది.
తప్పు చేస్తే తప్ప పేరుండని ఉద్యోగం,
అదేం ఉద్యోగం రా, అన్నాను.
"నీదో? ఒలిచినవాళ్ళ పేర్లు
రొయ్యల డబ్బా మీద అచ్చేస్తున్నారా?"
నేను చేతులు వాసన చూసుకుని ఊరుకున్నాను.

మొన్న నవంబరులో, పొగమంచులో,
బంతి కనబడకముందే వచ్చి తగిలి
నా ఉంగరం వేలు విరిగింది.
అతుక్కుంది గానీ
పక్కవేలితో అలిగినట్టు ఎడంగానే ఉంటుంది.
మూడేళ్ళుగా వాడు నన్ను చూసేది తలకిందులుగానే.
నా పాదాలు పైన, ఆకాశం కింద,
మధ్యలో ఎక్కడో మొహం.
ప్రపంచం తలకిందులైనా గురి తప్పడు అని
కోచ్ అన్నాడట. నిజానికి
నిటారుగా నిలబెడితేనే వాడికి తడబాటు,
కొట్లో చిల్లర లెక్కపెట్టడం కూడా రాదు.

మార్చిలో స్కౌట్లు వచ్చారు.
నూట రెండు కిలోల బరువు ఇరవై ఒక్కసార్లు ఎత్తాడు,
ఎవరూ తల తిప్పలేదు.
అందరి కళ్ళూ ఆ పరిగెత్తే కుర్రాడి మీద, డిమారియస్ మీద,
అతను లేసులు కట్టుకుంటుంటే కూడా ఫోటోలు.
మావాడి వంతు వచ్చేసరికి పొద్దు వాలింది.
ముగ్గురు తిండికి పోయారు.
పొద్దుతిరుగుడు గింజలు నముల్తూ ఒకాయన మిగిలాడు,
చేతిలో స్టాప్‌వాచీ.

పద్నాలుగు బంతులు.
పద్నాలుగోది అయ్యాక ఆయన అడిగాడు:
"ఇంటి దగ్గర నీకెవరు పడతారు?"
వాడు కంచె బయట నన్ను చూపించాడు.
ఆయన నా మొహం చూడలేదు,
కంచె పట్టుకున్న చేతిని చూశాడు, ఆ వేలిని.
కాగితం మీద ఏదో రాసుకున్నాడు.
అంకె కాదు, అంకెకి అంతసేపు పట్టదు.

ఏప్రిల్‌లో మూడు రోజులు టీవీలో పేర్లు పిలిచారు.
డిమారియస్‌ని రెండో రోజు పిలిచారు,
వాళ్ళ వీధంతా కారు హారన్లు.
మా పేరు ఉంటుందని మేమూ అనుకోలేదు.
అనుకోలేదనుకుంటూనే
అమ్మ మూడు రోజులూ బస్సు చొక్కా మార్చలేదు.

సోమవారం తెల్లారుజామున
ఫ్యాక్టరీలో షిఫ్టులు సగం తీసేశారు, నాదీ పోయింది.
వాడికి చెప్పకుండా వచ్చి నా చోట నిలబడ్డాను.
ఆల్చిప్పల మీద వాడి ఫోన్, తెర పైకి పెట్టి.
తడి బంతి మీద వేళ్ళు సర్దుకుని
వంగి, కాళ్ళ సందులోంచి నన్ను చూసి
"పొద్దున్నే ఎందుకక్కా నవ్వుతున్నావ్?" అన్నాడు.

కిందికి దిగిన పెదవి
అటునుంచి చూస్తే అలాగే ఉంటుంది కాబోలు.

వెయ్యి, అన్నాను.